ఎస్పీ రోడ్డు సర్జ్ బోర్డులు: మెగ్గర్ ఫెయిల్ అన్నంత మాత్రాన పారేయాలా?

సర్జ్ (లైనులో ఒక్కసారిగా ఎగసే వోల్టేజి) ప్రొటెక్షన్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి 500 వోల్టుల మెగ్గర్, అంటే ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు, పెట్టి చూడండి. బోర్డు కొత్తదైనా, మంచి కంపెనీదైనా సరే, మీటరు చాలాసార్లు అర మెగాఓం దగ్గరే ఆగిపోతుంది. వాడకంలో ఉన్న బోర్డుకి కనీసం ఒక మెగాఓం ఉండాలన్నది టెస్టింగ్ వాళ్ళు పెట్టుకునే గీత. ఇంకేముంది, ఎర్ర స్టిక్కర్. పక్కనే ఉన్న రెండొందల రూపాయల బోర్డు, లోపల రాగి తీగ తప్ప ఇంకేమీ లేనిది, వందల మెగాఓంలు చూపించి పచ్చ స్టిక్కర్ వేయించుకుంటుంది. వైట్‌ఫీల్డ్, బెల్లందూరు వైపు ఆఫీసుల్లో సేఫ్టీ టెస్టింగ్ అయ్యాక మంచి బోర్డులు చెత్తబుట్టలోకి, డొల్లవి డెస్కుల కిందకి చేరేది ఇలాగే.

బెంగళూరులో ఈ బోర్డులు కొనడానికి జనం వెళ్ళేది ముఖ్యంగా రెండు చోట్లకి. ఒకటి ఎస్పీ రోడ్డు, అంటే సదర్ పత్రప్ప రోడ్డు. రెండోది చిక్‌పేట పక్కనే ఉన్న బీవీకే అయ్యంగార్ రోడ్డు. రెండు చోట్లా చాలా కౌంటర్లలో తెలుగులో అడిగినా పనైపోతుంది. దొరికే సరుకు మూడు తరగతులు. మొదటిది, రోడ్డు పక్కన కుప్పపోసి నూట యాభై, రెండొందలకి అమ్మేవి. రెండోది, స్పైక్ గార్డ్ అని అట్ట మీద రాసి నాలుగొందల నుంచి ఎనిమిదొందల మధ్య అమ్మేవి. మూడోది, వెయ్యి దాటి రెండు వేల దాకా ఉండేవి. కంపెనీల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఒకే మోడల్ పేరు మీద బ్యాచ్ మారేసరికి లోపలి సరుకు మారిపోతుంటుంది కాబట్టి, పేరు చూసి కొనడం కంటే ఏం చూడాలో తెలిసి కొనడం మేలు.

ముందు ఆ అర మెగాఓం లెక్క తేల్చేద్దాం. సర్జ్ బోర్డు విప్పితే నీలం రంగు బిళ్ళలు కనిపిస్తాయి. మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్, అందరూ ఎంఓవీ అనేస్తారు. చెరువుకి అలుగు ఎలాగో లైనుకి ఇది అలాగ: నీళ్ళు మట్టంలో ఉన్నంతసేపూ చుక్క పోనివ్వదు, మట్టం దాటితే పొర్లించేస్తుంది. బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది 14డి471కె. మొదటి 14 అంటే బిళ్ళ వ్యాసం, మిల్లీమీటర్లలో. 471 అంటే 47 పక్కన ఒక సున్నా, అంటే 470 వోల్టులు. బిళ్ళలోంచి ఒక మిల్లీఆంప్ డీసీ పోతున్నప్పుడు దాని రెండు కాళ్ళ మధ్య ఉండే వోల్టేజి అది. కె అంటే పది శాతం అటూ ఇటూ, అంటే 423 నుంచి 517 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అదే బిళ్ళ నిరంతరం తట్టుకోగలిగే ఏసీ 300 వోల్టులు.

ఇప్పుడు దీనికి 500 వోల్టుల డీసీ ఇచ్చారనుకోండి. అలుగు మట్టం 470, మీరు నింపింది 500. బిళ్ళ కరెంటు వదలడం మొదలుపెడుతుంది. మామూలు డిజిటల్ మెగ్గర్ ఒకటి రెండు మిల్లీఆంప్‌లకి మించి ఇవ్వలేదు కాబట్టి వోల్టేజి అక్కడే 470 దరిదాపుల్లో కూర్చుంటుంది. 470 వోల్టుల్ని ఒక మిల్లీఆంప్‌తో భాగిస్తే 0.47 మెగాఓం. మీటరు చూపించిన ఫెయిల్ ఇదే. ఇన్సులేషన్ చెడిపోలేదు, బిళ్ళ తన పని తను చేసింది, అంతే. బిళ్ళ 517 వైపుది అయితే ఒక మెగాఓం దాటి చూపించి పాసైపోవచ్చు కూడా. అంటే ఒకే డబ్బాలోంచి తీసిన రెండు బోర్డుల్లో ఒకటి పాస్, ఒకటి ఫెయిల్ అవుతాయి. రెండింటిలో ఏ తేడా లేకపోయినా.

అందుకే ఈ బోర్డులకి ఇన్సులేషన్ టెస్టు 250 వోల్టుల డీసీ దగ్గర చేయాలి. ఆ వోల్టేజిలో బాగున్న బిళ్ళ మైక్రోఆంప్‌లలోనే వదులుతుంది, మీటరు పదుల మెగాఓంలో, అంతకు పైనో చూపిస్తుంది. అక్కడ ఒక మెగాఓం కన్నా తక్కువ వస్తే అప్పుడు అనుమానించాలి.

అయితే మెగ్గర్ దాకా వచ్చే ముందే చాలా బోర్డుల సంగతి కంటితోనే తేలిపోతుంది. కేబుల్ మీద అచ్చు చదవండి. మూడు కోర్లు, 0.75 లేదా 1.0 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్లు, ఐఎస్ 694 అని ఉండాలి. ఇక్కడే ఒక కిటుకు ఉంది. కేబుల్ మీద ఐఎస్‌ఐ గుర్తు చూపించి బోర్డుకే ఐఎస్‌ఐ ఉన్నట్టు అమ్ముతారు. ఐఎస్ 694 వైరుకి సంబంధించింది. ప్లగ్గులకి, సాకెట్లకి ఉన్నది ఐఎస్ 1293. ఆ నంబరు ఐఎస్‌ఐ గుర్తు పైన, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఆ గుర్తు కింద ఉండాలి. ఆ లైసెన్సు నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో కౌంటర్ దగ్గరే తెలిసిపోతుంది. అడిగితే కొందరు దుకాణదారులకి చిరాకు. పడనివ్వండి.

పాత కౌంటర్లలో వైరుని 23/76 అనో 40/76 అనో చెప్తారు. మొదటిది పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు మందం, అంగుళంలో పదివేల వంతుల్లో. 76 పోగు అంటే 0.193 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 23 పోగులు కలిపితే దాదాపు 0.67 చదరపు మిల్లీమీటర్లు, 40 పోగులైతే 1.17. ఫుల్ కాపర్ అన్నా నమ్మక్కర్లేదు. కొనేది విడి వైరు అయితే చివర ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. అల్యూమినియం నిరోధం రాగి కన్నా దాదాపు అరవై శాతం ఎక్కువ, పైగా స్క్రూ కింద నలిగి కాలం గడిచేకొద్దీ లూజవుతుంది.

బోర్డుని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ఏదైనా గలగలలాడితే పక్కన పెట్టేయండి. సాకెట్ కన్నాల్లోకి చూస్తే ప్లాస్టిక్ తలుపులు మూసి ఉండాలి; ప్లగ్గు దిగితేనే అవి తెరుచుకోవాలి. అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే యూనివర్సల్ సాకెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ, అన్నీ పట్టాలంటే దేన్నీ గట్టిగా పట్టకూడదు. మన 6 ఆంప్స్ ప్లగ్గులో ఫేజు, న్యూట్రల్ పిన్నులు గుండ్రం, 5.1 మిల్లీమీటర్లు, ఎర్త్ పిన్ను 7.1. ఇవి యూనివర్సల్ కన్నంలో రెండు చోట్ల మాత్రమే తగులుతాయి. ఆ చిన్న తాకిడి దగ్గరే వేడి పుడుతుంది. నల్లబడి కరిగిన బోర్డుని విప్పి చూస్తే కాలిన చోటు ఎక్కువగా ఇదే, ఎంఓవీ కాదు.

ఇక ఎర్త్ తీగ. ఈ టెస్టుకి ఎక్కువ సమయం పెట్టినా తప్పులేదు, ఎందుకంటే బోర్డు మనిషిని చంపేది ఇక్కడే. మల్టీమీటర్ బీప్ కొట్టింది కదా అని సరిపెట్టుకోవద్దు. మల్టీమీటర్ పంపే కరెంటు మిల్లీఆంప్‌లలో ఉంటుంది. ఎర్త్ తీగలో ఒక్క పోగు మిగిలినా బీప్ మోగుతుంది. ఫాల్ట్ వచ్చి వందల ఆంప్స్ పారాల్సి వస్తే ఆ ఒక్క పోగు ఎంసీబీ (కరెంటు మించితే తనంతట పడిపోయే స్విచ్) పడేలోపే ఎగిరిపోతుంది, అప్పుడు పరికరం లోహపు ఒళ్ళంతా ఫేజే.

పోర్టబుల్ అప్లయన్స్ టెస్టర్ చేతిలో ఉంటే 10 ఆంప్స్ రేంజి వాడండి. లేకపోతే యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంప్ అవర్ బ్యాటరీ, 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు చాలు. రెండూ ఎస్పీ రోడ్డులోనో, దాన్ని ఆనుకుని ఉన్న జేసీ రోడ్డులోనో దొరుకుతాయి. బోర్డు గోడ సాకెట్‌లో ఉండకూడదు, బోర్డుకి ఏదీ గుచ్చి ఉండకూడదు. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బుకి, బల్బు నుంచి బోర్డు ప్లగ్గు ఎర్త్ పిన్నుకి, బోర్డు సాకెట్ ఎర్త్ కన్నం నుంచి బ్యాటరీ మైనస్‌కి తీగ కలపండి. దాదాపు నాలుగున్నర ఆంప్స్ పారుతుంది. ఇప్పుడు ప్లగ్గు ఎర్త్ పిన్నుకి, సాకెట్ ఎర్త్ కన్నానికి మధ్య మల్టీమీటర్‌తో వోల్టేజి చూడండి. ఆ వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం. 0.1 ఓం అయితే 0.45 వోల్టు దగ్గర వస్తుంది.

రావాల్సింది ఎంత? రాగి తీగకి కిలోమీటరుకి లెక్క స్థిరంగా ఉంది: 0.75 అయితే 26 ఓంలు, 1.0 అయితే 19.5, 1.5 అయితే 13.3. అంటే 1.5 మీటర్ల 0.75 వైరుకి 0.039 ఓం, 3 మీటర్లకి 0.078, 5 మీటర్ల 1.0 వైరుకి 0.098. దీనికి కాంటాక్టుల కోసం 0.1 ఓం కలిపి, ఆ మొత్తం దాటితే ఫెయిల్ అనుకోవాలి. కేబుల్ పొడవు రాసుకోకుండా ఎర్త్ రీడింగ్ రాసిన రిపోర్టుకి విలువ లేదన్నది అందుకే.

రీడింగ్ తీసుకున్నాక అసలు పని. బల్బు వెలుగుతుండగానే కేబుల్ ప్లగ్గులోకి దూరే చోట, బోర్డులోకి దూరే చోట నాలుగు వైపులా వంచండి, కాస్త లాగండి, తిప్పండి. బల్బు మినుక్కుమంటే లోపల పోగులు తెగుతున్నాయి లేదా స్క్రూ లూజు. ప్రతి సాకెట్‌కీ విడివిడిగా చేయాలి. మూడో తరగతి బోర్డుల్లో ఎర్త్ అంతా ఒకే ఇత్తడి పట్టీగా ఉంటుంది కాబట్టి మొదటి సాకెట్‌కీ చివరి సాకెట్‌కీ తేడా దాదాపు ఉండదు. చవక బోర్డుల్లో ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కి ముక్క తీగలు సోల్డర్ చేసి వేస్తారు. చివరి సాకెట్ దగ్గర రీడింగ్ పెరుగుతుంది, కొన్నిసార్లు ఎర్త్ అసలే ఉండదు.

పోలారిటీ, అంటే ఫేజు, న్యూట్రల్ తారుమారు కాలేదని చూడటం, త్వరగా అయిపోతుంది. ప్లగ్గు పిన్నులు మీ వైపు, ఎర్త్ పైకి పెట్టుకుంటే ఎడమ పిన్ను ఫేజు. అది సాకెట్ ముందు నుంచి చూసినప్పుడు కుడి కన్నానికి వెళ్ళాలి. స్విచ్ ఆఫ్ చేస్తే ఆ దారి తెగాలి. ఎడమ కన్నం దారి తెగితే స్విచ్ న్యూట్రల్‌లో వేశారన్నమాట; దీపం ఆరినా సాకెట్‌లో ఫేజు అలాగే ఉంటుంది. రోడ్డు పక్క సరుకులో ఇది అరుదేం కాదు.

ఇప్పుడు మెగ్గర్. బోర్డు మీద స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉండాలి. మెయిన్ స్విచ్ ఆఫ్‌లో పెట్టి కొలిస్తే కేబుల్‌ని మాత్రమే కొలిచినట్టు, దాని తర్వాతి వైరింగూ బిళ్ళలూ లెక్కలోకే రావు. హడావిడి టెస్టింగ్‌లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఫేజు, న్యూట్రల్ పిన్నుల్ని కలిపి ఒక లీడు, ఎర్త్ పిన్నుకి ఇంకో లీడు. ముందు 250 వోల్టులు. తర్వాత 500. రెండు రీడింగులూ పక్కపక్కన పెడితే లోపల ఏముందో తెలుస్తుంది.

250 దగ్గర బాగా ఎక్కువ, 500 దగ్గర అర మెగాఓం అయితే ఎర్త్ వైపు ఎంఓవీలు ఉన్నాయి, బతికే ఉన్నాయి. రెండింటి దగ్గరా వందల మెగాఓంలు వస్తే ఎర్త్ వైపు ఎంఓవీలు లేవు, లేదా వేడికి తెగే థర్మల్ ఫ్యూజు తెగి అవి లైను నుంచి విడిపోయాయి. ఇన్సులేషన్ పరంగా బోర్డు పాసే. ఎర్త్ వైపు సర్జ్ రక్షణ అన్న మాట మాత్రం ఉత్తదే. స్పైక్ గార్డ్ తరగతి బోర్డుల్లో చాలావాటికి ఇదే ఫలితం, ఎందుకంటే వాటిలో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒక్క బిళ్ళే ఉంటుంది, ఈ టెస్టులో ఆ రెండింటినీ కలిపేస్తాం కాబట్టి అది కనిపించదు. ఇక 250 దగ్గరే ఒక మెగాఓం కన్నా తక్కువ వస్తే మూడు కారణాలు: తేమ, అరిగిపోయిన బిళ్ళ, లేదా ఎర్త్ ఓకే అని చూపించే దీపం. ఆ దీపం ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఉంటుంది. నియాన్ అయితే వంద వోల్టుల దరిదాపుల్లోనే వెలిగి తన రెసిస్టర్ గుండా కరెంటు లాగుతుంది, 250 టెస్టుని కూడా పాడుచేస్తుంది. అలాంటి బోర్డుకి మెగ్గర్ పనికిరాదు. లైను మీద పెట్టి లీకేజి క్లాంప్ మీటరుతో ఎర్త్ కరెంటు కొలవాలి, 3.5 మిల్లీఆంప్‌ల లోపు ఉండాలి. ఇది లైవ్ పని, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాల్సింది.

ఒక జాగ్రత్త. బోర్డుకి యూఎస్‌బీ పోర్టులుంటే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 500 వోల్టులు ఎప్పుడూ పెట్టొద్దు. లోపలి చార్జర్‌లో సాధారణంగా 400 వోల్టుల కెపాసిటర్ ఉంటుంది. బిళ్ళ బాగుందో లేదో చూడబోయి చార్జర్‌ని పేల్చినట్టవుతుంది. యూఎస్‌బీ లేని బోర్డులో కూడా స్విచ్‌లోని నియాన్ దీపం రీడింగ్‌ని తప్పుదారి పట్టిస్తుంది. ఫేజు-న్యూట్రల్ బిళ్ళని నిజంగా కొలవాలంటే మూత విప్పి, ఒక కాలు ఊడదీసి, వోల్టేజి మెల్లగా పెంచుతూ ఒక మిల్లీఆంప్ దగ్గర ఎంత ఉందో చూపించే సర్జ్ టెస్టు ఉన్న మీటరుతో చూడాలి. 471కె అయితే 423కీ 517కీ మధ్య రావాలి. 423 కన్నా కిందికి దిగిందంటే బిళ్ళ అలసిపోయింది.

అలసిపోవడం దగ్గరే అసలు ప్రమాదం. సర్జ్ తగిలినప్పుడల్లా బిళ్ళ కొద్దికొద్దిగా అరుగుతుంది, దాని వోల్టేజి దిగుతుంది. బాగా దిగాక మామూలు 230 వోల్టుల శిఖరాల దగ్గర కూడా, అంటే 325 దగ్గర, కరెంటు వదలడం మొదలుపెడుతుంది. వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా వదులుతుంది. ఆపేవాడు లేకపోతే అంటుకుంటుంది. ఆపేది థర్మల్ ఫ్యూజు, అది బిళ్ళకి ఒంటికి ఒళ్ళు ఆనించి, రెండింటినీ కలిపి ష్రింక్ స్లీవ్‌లో బిగించి ఉండాలి. బోర్డు విప్పినప్పుడు ముందు చూడాల్సింది ఇదే. బిళ్ళకి అంగుళం దూరంలో పీసీబీ మీద నిలబడ్డ థర్మల్ ఫ్యూజు అలంకారానికే. గాజు ఫ్యూజు ఒక్కటే ఉంటే అదీ చాలదు. బిళ్ళని కాల్చడానికి అర ఆంప్ చాలు, 6 ఆంప్స్ ఫ్యూజుకి అది లెక్కలోకే రాదు.

చివరిగా లోడ్ టెస్టు. మూడు రాడ్ల హాలోజన్ హీటర్ 1200 వాట్లు, 5.2 ఆంప్స్ దాకా లాగుతుంది. ఇస్త్రీపెట్టె పనికిరాదు, దాని థర్మోస్టాట్ మాటిమాటికీ ఆపేస్తుంది. కేబుల్ చుట్ట విప్పి, గంటసేపు నడిపి, హీటర్ ఆపి, వెంటనే ప్లగ్గు లాగి పిన్నుల వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. మెరిసే ఇత్తడి మీద ఆ మీటరు తక్కువ చూపిస్తుంది. ముందే పిన్ను మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. టేపు పిన్ను మొదట్లో, ప్లాస్టిక్ పక్కనే ఉండాలి, లేకపోతే సాకెట్‌లో కాంటాక్టుకే అడ్డం పడుతుంది. గది వేడి కన్నా 45 డిగ్రీలు మించి పెరగకూడదు. గది 27 అయితే 72.

మొదటి తరగతి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెండు పిన్నుల ప్లగ్గుతో మూడు పిన్నుల సాకెట్లు ఇచ్చిన బోర్డు ఏ ధరకీ వద్దు. ఎర్త్ కన్నం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు.

రెండో తరగతి పూర్తిగా తీసిపారేసేది కాదు. లాప్‌టాప్, మానిటర్, రౌటర్ నడిపే డెస్కుకి ఎర్త్ బాగున్న 0.75 వైరు బోర్డు సరిపోతుంది. కానీ దీన్లో ఒక తేడా జోడీ తరచూ కనిపిస్తుంది: 7 ఆంప్స్ మోయగల 0.75 వైరు మీద 10 ఆంప్స్ అని రాసిన రీసెట్ బటన్. మన ప్లగ్గులో బ్రిటిష్ ప్లగ్గులాగా ఫ్యూజు ఉండదు. 6 ఆంప్స్ ప్లగ్గుని 6/16 కంబైన్డ్ సాకెట్‌లో గుచ్చితే వెనకాల ఉన్నది 16 లేదా 20 ఆంప్స్ ఎంసీబీ. అలాంటప్పుడు మారతహళ్ళి పీజీ గదిలో 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఈ బోర్డు మీద 8.7 ఆంప్స్ లాగుతున్నా ఎవరూ ఆపరు. వైరు, కాంటాక్టులు మెల్లగా ఉడుకుతుంటాయి. బటన్ మీద 6 ఆంప్స్ అని ఉన్న బోర్డే తీసుకోండి, స్టవ్‌ని గోడ సాకెట్‌కే పెట్టండి.

మూడో తరగతిలో డబ్బుకి తగ్గ సరుకు ఉంటుంది, అయితే అట్ట మీది మాటలకి కాదు. జూల్స్ ఎన్ని అన్నది బిళ్ళల లెక్కలు కూడేసిన అంకె. ఒక నానోసెకండ్‌లో స్పందిస్తుంది అన్నది బిళ్ళ గురించి నిజమే గానీ, దాని కాళ్ళ పొడవు, వైరు పొడవు ఆ తొందరని మింగేస్తాయి. వెతకాల్సింది ఐఈసీ 61643-11 టైప్ 3 అన్న మాట, దాని పక్కన యూఓసీ అంకె, యూపీ అంకె. యూఓసీ 6 కిలోవోల్టులు అంటే 6 కిలోవోల్టులు, 3 కిలోఆంప్‌ల అలతో పరీక్షించారన్నమాట. యూపీ అంటే సర్జ్ వచ్చినప్పుడు బోర్డు దాటి పరికరం దాకా వెళ్ళే వోల్టేజి; 1.5 కిలోవోల్టులు, అంతకు తక్కువ ఉంటే మంచిది. మామూలు ఇంటి పరికరాలు 2.5 దాకా తట్టుకునేలా చేస్తారు. మూడు దారుల్లోనూ (ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్) బిళ్ళలు, ఒక్కో దానికి థర్మల్ ఫ్యూజు, 1.0 లేదా 1.5 వైరు, ఇత్తడి పట్టీలు, షట్టర్లు ఉంటే పన్నెండొందలు పెట్టొచ్చు. బిళ్ళ 20 మిల్లీమీటర్లది, అదీ 511కె అయితే ఇంకా మంచిది. 320 వోల్టుల ఏసీ తట్టుకుంటుంది, మన లైన్లకి ఆ అదనపు జాగా కావాలి.

లైన్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఏప్రిల్, మే పిడుగుల వానల్లో టీవీలు, రౌటర్లు పోయినప్పుడు అందరూ సర్జ్ అంటారు గానీ, అందులో కొన్ని న్యూట్రల్ తెగినవి. వీధిలో న్యూట్రల్ తెగితే ఒక ఇంటికి 150, పక్కింటికి 350 రావచ్చు, నిమిషాల పాటు. ఎంఓవీ మైక్రోసెకన్ల పని కోసం పుట్టింది. 350 వోల్టుల్ని నిమిషాల పాటు మోస్తే మాడిపోతుంది. థర్మల్ ఫ్యూజు విడదీసినా, మెయిన్ దారిని కూడా తెంచే బోర్డు కాకపోతే ఆ 350 తిన్నగా టీవీకి వెళ్తూనే ఉంటుంది. దానికి మందు డీబీలో, అంటే ఇంటి ఎంసీబీలన్నీ ఉండే పెట్టెలో, పెట్టే ఓవర్ వోల్టేజి కటాఫ్. ఈ బోర్డు కాదు.

పాత ఇళ్ళలో గోడ సాకెట్‌కి ఎర్తే లేకపోతే మూడో తరగతి బోర్డు కూడా సగం పనే చేస్తుంది. ఎర్త్ వైపు బిళ్ళలకి పంపే చోటు ఉండదు. అంతకన్నా ముఖ్యం, బోర్డులోని ఎర్త్ పట్టీ అన్ని పరికరాల ఒళ్ళనీ ఒకదానికొకటి కలిపేస్తుంది. ఒక పాత మిక్సీ బాడీకి ఫేజు తగిలితే, అదే బోర్డు మీదున్న కంప్యూటర్ క్యాబినెట్ కూడా షాక్ కొడుతుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ముక్క తీగతో కలిపి టెస్టర్ దీపం వెలిగించి చూపిస్తారు. ఆ ముక్క తీగ వెంటనే తీయించండి. న్యూట్రల్ తెగిన రోజున ఆ సాకెట్ మీదున్న, లోహపు ఒళ్ళున్న ప్రతి పరికరం ఫేజు మీద ఉంటుంది.

టెస్టింగ్ సర్వీసుని పిలిచే ఆఫీసులు ఆర్డర్ ఇచ్చే ముందే కాగితం మీద రాయించుకోవాల్సినవి కొన్నే: సర్జ్ బోర్డులకి 250 వోల్టుల టెస్టు, స్విచ్‌లన్నీ ఆన్‌లో, ఎర్త్ రీడింగ్ పక్కన కేబుల్ పొడవు, సైజు, టెస్టు కరెంటు, ప్రతి సాకెట్‌కీ విడి రీడింగ్. పాస్, ఫెయిల్ అని టిక్కులు మాత్రమే ఉన్న రిపోర్టుకి డబ్బులివ్వడం దండగ. ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) అప్పుడప్పుడు ఊరికే పడిపోతున్న ఫ్లోర్ ఉంటే అక్కడి బోర్డుల లీకేజి కలిపి కొలిపించండి. 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు, అరిగిన బిళ్ళలు నాలుగు కలిస్తే అందుకు సరిపోతాయి.

ప్రొటెక్టెడ్ అన్న దీపం ఆరిపోయిన బోర్డుకి ఎర్త్, పోలారిటీ, 250 వోల్టుల టెస్టు, కాంటాక్టుల పట్టు అన్నీ బాగుంటే దాన్ని ఫ్యానుకో టేబుల్ ల్యాంపుకో వాడుకోవచ్చు. మూత మీద సర్జ్ అన్న మాటని మార్కర్‌తో కొట్టేసి తేదీ రాయండి, లేకపోతే ఎవరో ఒకరు మళ్ళీ సర్వర్ కింద పెట్టేస్తారు.